మూడు పొరల చాక్లెట్ బార్లు: కోస్తుంటే పైపొర పగిలి ఊడొస్తోంది, కేరమెల్ పక్కకి వచ్చేస్తోంది, ఎవరైనా చెప్పండి

వెన్నెల_వంటిల్లు:
కింద షార్ట్‌బ్రెడ్, మధ్యలో కండెన్స్‌డ్ మిల్క్ కేరమెల్, పైన డార్క్ చాక్లెట్. రుచికి వంక లేదు, ఇంట్లో వాళ్లు ట్రేలోంచే చెంచాతో తవ్వుకుని తినేస్తున్నారు. కానీ నాకు కావాల్సింది నీట్‌గా చతురస్రాలుగా కోసి డబ్బాలో సర్ది ఎవరికైనా ఇవ్వగలిగే బార్లు. కత్తి పెట్టగానే పైన చాక్లెట్ టప్‌మని అడ్డదిడ్డంగా పగులుతుంది, ఆ పెచ్చు కేరమెల్ మీంచి జారి మొత్తం ఊడొస్తుంది, ఇంకాస్త నొక్కితే కేరమెల్ నాలుగు పక్కలకీ బయటికొచ్చేస్తుంది, కింద బిస్కెట్ మాత్రం తెగదు. రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టే కోశాను. ఫ్రిజ్‌లో పెట్టకుండా కోస్తే ఇంకా ఘోరం. ఇది చాక్లెట్ తప్పా, కేరమెల్ తప్పా, కత్తి తప్పా? "షాపులో కొనుక్కో" అని మాత్రం అనకండి ప్లీజ్.

తీపిరాక్షసి:
చెంచాతో తవ్వుకునే ఆ ఇంటికి నన్ను దత్తత ఇచ్చేయండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం

కోకోపిచ్చోడు:
చాక్లెట్ ఊరికే కరిగించి పోసేశారా, టెంపర్ చేశారా, అంటే లెక్కగా వేడిచేసి, చల్లార్చి, మళ్లీ కాస్త వేడిచేసి పోశారా? కోకో బటర్ గడ్డకట్టేటప్పుడు ఆరు రకాల స్ఫటికాలుగా కట్టగలదు, అందులో ఐదో రకమే మనకి కావాల్సింది, మెరుపు, టక్‌మని విరగడం, చేతికి అంటకపోవడం అన్నీ దానివల్లే. అది 33-34 డిగ్రీల దగ్గర కరుగుతుంది కాబట్టి బయట గట్టిగా ఉండి నోట్లో పెట్టుకోగానే కరిగిపోతుంది. డార్క్ అయితే 45-50 దాకా వేడిచేసి, 27-28కి దించి, మళ్లీ 31-32కి తెచ్చి పోయాలి. అంత ఓపిక లేకపోతే మూడొంతుల చాక్లెట్ కరిగించి, మిగతా వంతు సన్నగా తరిగి అందులో వేసి 31-32 వచ్చేదాకా కలుపుతూ చల్లార్చండి, అదీ పనిచేస్తుంది.

అర్ధరాత్రి_బేకింగ్:
దీంతో అస్సలు ఒప్పుకోను. టెంపర్ చేస్తే టక్‌మని విరుగుతుందని మీరే అంటున్నారు, ఆవిడ బాధే అది విరుగుతోందని! మెత్తటి కేరమెల్ మీద గట్టి చాక్లెట్ ఉన్నప్పుడు కత్తితో నొక్కితే కింద ఆనుకోవడానికి ఏమీ లేక అది వంగాలని చూస్తుంది, చాక్లెట్ వంగదు కదా, పగులుతుంది. బార్ల మీదకి విరిగే చాక్లెట్ కాదు, తెగే చాక్లెట్ కావాలి. 200 గ్రాములకి రెండు టీస్పూన్ల వాసన లేని నూనె కలిపి పోయండి, గొడవ వదిలిపోతుంది.

కోకోపిచ్చోడు:
నూనె కలిపితే మెరుపు పోతుంది, పట్టుకుంటే వేలిముద్రలు పడతాయి, అది ఇంకో పదార్థం అయిపోతుంది. మంచి చాక్లెట్ తెచ్చి అందులో నూనె పోయడం నావల్ల కాదు.

అర్ధరాత్రి_బేకింగ్:
200 గ్రాములకి 9 గ్రాములు బ్రో. దీపం పెట్టేంత పోయమనట్లేదు.

గరిటెమహారాణి:
ఇద్దరూ ఆగండి కాస్త. వెన్నెలా, ముందు కొలతలు చెప్పమ్మా. ట్రే ఎంత, ఏది ఎన్ని గ్రాములు, కేరమెల్ ఎంతసేపు ఉడికించావు, చాక్లెట్ పోసేటప్పుడు కేరమెల్ ఎంత చల్లగా ఉంది. ఇవి తెలియకుండా ఎవరేం చెప్పినా గాల్లో మాటే.

వెన్నెల_వంటిల్లు:
ట్రే 20 సెం.మీ. చదరం. మైదా 180, వెన్న 120, పంచదార 60. కేరమెల్‌కి కండెన్స్‌డ్ మిల్క్ ఒక డబ్బా, అంటే దాదాపు 400 గ్రాములు, వెన్న 100, బ్రౌన్ షుగర్ 100, చిటికెడు ఉప్పు. చాక్లెట్ 300. వీడియోలో అంతే చెప్పారు అక్కా, ట్రే సైజు చెప్పలేదు. కేరమెల్ "చిక్కబడేదాకా" అన్నారు, ఐదారు నిమిషాలు ఉడికి ఉంటుంది. థర్మామీటర్ లేదు. కేరమెల్ ఫ్రిజ్‌లో పూర్తిగా గట్టిపడ్డాకే చాక్లెట్ పోశాను.

థర్మామీటర్_తాత:
మీ జబ్బు ఆ 300లో ఉందమ్మా. లెక్క వేద్దాం. 20 × 20 అంటే 400 చదరపు సెంటీమీటర్లు. చాక్లెట్ సాంద్రత నీటికి సుమారు 1.3 రెట్లు, కాబట్టి 300 గ్రాములంటే దాదాపు 230 ఘన సెంటీమీటర్లు. దాన్ని 400తో భాగిస్తే మందం 6 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. మెత్తటి కేరమెల్ మీద అంత మందాన ఫ్రిజ్‌లో బిగిసిన డార్క్ చాక్లెట్ ఉంటే ఏ కత్తితో కోసినా పగలక తప్పదు. బార్లకి 3 మి.మీ. చాలు, అంటే మీ ట్రేకి 150-160 గ్రాములు. 23 × 33 సెం.మీ. పెద్ద ట్రే తీసుకుంటే 759 చదరపు సెంటీమీటర్లు, దాని మీద 300 పోస్తే సరిగ్గా 3 మి.మీ. వస్తుంది. ఆ వీడియో వాళ్లు వాడింది ఆ సైజు ట్రే అయ్యుంటుంది. కింద బిస్కెట్ కొలత మాత్రం బాగుంది, మైదా, వెన్న, పంచదార 3:2:1 అనేది పాత పద్ధతి, దాన్ని కదపకండి.

వెన్నెల_వంటిల్లు:
6 మిల్లీమీటర్లా! ఇలా లెక్క వేయొచ్చని కూడా తట్టలేదండి. థాంక్యూ తాతగారూ.

రెండోముక్క:
నాకైతే ఆ 6 మి.మీ. ముక్కే కావాలి, ఎవరికీ వద్దంటే ఇటు పంపండి

థర్మామీటర్_తాత:
ఇంకా అయిపోలేదు. చాక్లెట్ సగం కథే, మిగతా సగం కేరమెల్. మూడు పొరలూ కోసేటప్పుడు దగ్గరదగ్గరగా ఒకే గట్టిదనంతో ఉండాలి, నేను చెప్పేదంతా అదొక్కటే. పైన రాయి, మధ్యలో జావ, కింద చెక్క ఉంటే కత్తికి దిక్కు తోచదు. మీ కేరమెల్ కాగాల్సినంత కాగలేదు, అందుకే బయటికొస్తోంది. కండెన్స్‌డ్ మిల్క్ కేరమెల్‌ని 110-112 డిగ్రీల దాకా తీసుకెళ్తే కోయడానికి నిలుస్తుంది, కొరికితే మెత్తగా ఉంటుంది. 105 దగ్గర ఆపితే రుచి అదే కానీ గది వేడికి కారుతుంది. 118 దాటిస్తే పళ్లకి అతుక్కునే టాఫీ బిళ్లలు అవుతాయి. ఐదారు నిమిషాలు అనే కొలతకి అర్థమే లేదు, గిన్నె వెడల్పుని బట్టి, మంటని బట్టి అది మారిపోతుంది.

ఓవెన్_కాపలా:
తాతగారు చెప్పినదానికి ఒక చిన్న ముక్క. థర్మామీటర్ కొన్నాక ముందు మరిగే నీళ్లలో పెట్టి చూడండి. 100 చూపించాలి. 97 చూపిస్తే కేరమెల్‌కి కూడా మూడు తగ్గించి లెక్కపెట్టుకోండి. ఎత్తైన ఊళ్లలో ఉండేవాళ్లకి నీళ్లే తక్కువ వేడిలో మరుగుతాయి, దాదాపు 300 మీటర్లకి ఒక డిగ్రీ చొప్పున, వాళ్లు కూడా ఇదే పద్ధతిలో తగ్గించుకోవాలి.

కొత్తచెయ్యి:
థర్మామీటర్ లేనివాళ్ల సంగతి ఏంటి మరి, మేం చేసుకోకూడదా

గరిటెమహారాణి:
ఎందుకు చేసుకోకూడదు? థర్మామీటర్లు రాకముందు నుంచీ జనం పాకాలు పడుతూనే ఉన్నారు. గిన్నెలో చల్లటి నీళ్లు పెట్టుకో. కేరమెల్ అర చెంచా అందులో వెయ్యి. నీళ్లలో కరిగి తెల్లగా పాకితే ఇంకా టైముంది. అడుగున పడి, వేళ్లతో దగ్గరికి తీస్తే మెత్తటి ఉండ కట్టి, నీళ్లలోంచి తీశాక చేతిలో మెల్లగా చదును అవుతోంది అంటే వెంటనే దించెయ్. ఉండ గట్టిగా నిలబడిపోయింది అంటే దాటిపోయింది.
ఇంకోటి గిన్నెలోనే కనపడుతుంది. మొదట్లో బుడగలు చిన్నవిగా, నురుగుగా గబగబా వస్తాయి. తర్వాత పెద్దవై, బరువుగా, బద్ధకంగా పైకొచ్చి టపక్కున పగులుతాయి. అప్పుడు గరిటెతో అడుగున గీత గీస్తే గిన్నె అడుగు కనపడి, ఆ గీత ఒకట్రెండు సెకన్లు అలా ఉండి మెల్లగా మూసుకోవాలి. రంగు పాలమీగడ రంగు నుంచి తేనె రంగుకి వస్తుంది. ఈ మూడూ ఒకేసారి కనపడితే నీళ్ల పరీక్ష పెట్టు. పరీక్ష పెట్టే ఆ పది సెకన్లు మంట తగ్గించి పెట్టు, లేకపోతే నువ్వు ఉండ చూసుకునేలోపు అక్కడ అడుగంటుతుంది.

కొత్తచెయ్యి:
అడుగంటడం గురించే అడుగుదామనుకున్నా. గోధుమరంగు తునకలు వస్తున్నాయి కేరమెల్‌లో, వడకట్టొచ్చా?

ఓవెన్_కాపలా:
వేడిగా ఉన్నప్పుడు జల్లెడలో వడకట్టొచ్చు, కొన్ని పోతాయి. కానీ మాడిన వాసన పట్టేస్తే ఏమీ చేయలేం. కండెన్స్‌డ్ మిల్క్‌లో పాలలోని ప్రొటీన్, పంచదార రెండూ బాగా చిక్కగా ఉంటాయి, ఆ రెండూ వేడికి కలిసే కేరమెల్‌కి ఆ రంగు, ఆ రుచి వస్తాయి, అడుగున వేడి ఎక్కువైతే ముందు మాడేవీ అవే. మందపాటి అడుగున్న గిన్నె, సన్నమంట, చదునుగా ఉండే సిలికాన్ గరిటె. గిన్నె మూలలు వదలకండి, మధ్యలో తిప్పుతూ కూర్చుంటే అంచులో మాడుతుంది. ఒకవేళ అడుగు పట్టింది అనిపిస్తే గోకొద్దు, పైది పైనే వేరే గిన్నెలోకి వంపేసి అక్కడ కానివ్వండి.

గుడ్డు_వద్దు:
ఇంత కష్టం ఎందుకండీ, కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాని మూత తీయకుండా నీళ్లలో మూడు గంటలు ఉడకబెడితే రెడీమేడ్ కేరమెల్ వస్తుంది కదా, కలపక్కర్లేదు, మాడదు.

గరిటెమహారాణి:
వద్దమ్మా, ఆ పని చేయకు. నీళ్లు ఇంకిపోయి డబ్బా పైభాగం బయటపడితే లోపల ఒత్తిడి పెరిగి పేలుతుంది. పేలితే మరిగే పాకం మొహం మీద పడుతుంది, అది చర్మానికి అతుక్కుని ఊడదు. తెరిచి ఉడికించుకునే దారి ఉండగా ఎందుకు ఆ రిస్క్.

థర్మామీటర్_తాత:
ప్రమాదం సంగతి అలా ఉంచినా, అది బార్లకి పనికిరాదు. మూత పెట్టిన డబ్బాలోంచి నీరు ఆవిరై పోదు కదా. రంగు మారుతుంది, రుచి మారుతుంది, కానీ నీరు అంతే ఉంటుంది, కాబట్టి బ్రెడ్ మీద రాసుకునేంత మెత్తగానే ఉండిపోతుంది. కోసే కేరమెల్ కావాలంటే నీరు పోవాల్సిందే. ఉష్ణోగ్రత పెరగడం అంటే అర్థం అదే, నీరు తగ్గేకొద్దీ మరిగే వేడి పెరుగుతుంది.

గుడ్డు_వద్దు:
ఓకే ఇది తెలీదు. వదిలేస్తున్నా.

తీపిరాక్షసి:
నా కేరమెల్ రవ్వరవ్వగా తగులుతుంది పంటికి, అది మరీ ఉడికినందుకా?

కోకోపిచ్చోడు:
కాదు, పంచదార మళ్లీ స్ఫటికాలు కట్టినందుకు. బ్రౌన్ షుగర్ పూర్తిగా కరిగేదాకా మంట సన్నగా ఉంచి, కరిగాకే మరగనివ్వాలి. వేలితో కాదు, చెంచాకి కొంచెం తీసి చల్లార్చి రెండు వేళ్ల మధ్య రుద్ది చూడండి, గరుగ్గా తగలకూడదు. ఇంకా గ్యారంటీ కావాలంటే గ్లూకోజ్ సిరప్ గానీ గోల్డెన్ సిరప్ గానీ రెండు టేబుల్ స్పూన్లు వేయండి, అవి పంచదార అణువులు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డం పడతాయి.

అర్ధరాత్రి_బేకింగ్:
దీంతో మాత్రం నూటికి నూరు శాతం ఒప్పుకుంటున్నా, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి అన్నా

గరిటెమహారాణి:
వెన్నెలా, పెచ్చు ఊడిపోవడానికి ఇంకో కారణం నీ ఆఖరి లైన్‌లో ఉంది. కేరమెల్ ఫ్రిజ్‌లో గట్టిపడ్డాక పోశానన్నావు. చల్లటి కేరమెల్ బయటికి తీయగానే దాని మీద కంటికి కనపడనంత చెమ్మ పడుతుంది, కాస్త వెన్న కూడా పైకి తేలి ఉంటుంది. ఆ జిడ్డు మీద వేడి చాక్లెట్ పోస్తే పట్టు దొరకదు. పైగా చల్లటిదాని మీద పడగానే చాక్లెట్ ఒక్కసారిగా బిగిసిపోతుంది. నేనెప్పుడూ కేరమెల్ గది వేడికి దగ్గరగా వచ్చాక, వేలితో తాకితే అంటుకోకుండా ఉన్నా కొంచెం వెచ్చదనం మిగిలి ఉన్నప్పుడే పోస్తా. పైన జిడ్డు మెరుస్తుంటే టిష్యూతో అద్దేస్తా, రుద్దకూడదు. అలాగే కింద బిస్కెట్ కూడా గోరువెచ్చగా ఉన్నప్పుడే కేరమెల్ పోయాలి, అప్పుడే ఆ రంధ్రాల్లోకి దిగి పట్టుకుంటుంది. బిస్కెట్‌ని ఫోర్క్‌తో గుచ్చావా బేకింగ్‌కి ముందు?

వెన్నెల_వంటిల్లు:
గుచ్చాను అక్కా. కానీ బిస్కెట్ పూర్తిగా చల్లారాకే కేరమెల్ పోశా.

కోకోపిచ్చోడు:
ఫ్రిజ్ వాడొద్దనే నేనూ అంటున్నా. పోసిన ఐదు నిమిషాలకి ట్రేని బల్ల మీద నాలుగుసార్లు కొట్టి సమం చేసి, గది వేడికి వదిలేయండి. ఎండాకాలం వంటిల్లు 28 దాటితే తప్పదు, అప్పుడు ఒక పదిహేను నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి తీసేయండి.

ఓవెన్_కాపలా:
గది వేడి మీద అందరికీ ఒకటే రూల్ కుదరదు. నాకు ఫ్రిజ్ లేనిదే కేరమెల్ సెట్ కాదు. పెట్టడం తప్పు కాదు, తీసిన వెంటనే కోయడమే తప్పు. ఇరవై నిమిషాల నుంచి అరగంట బయట ఉంచి కోయండి, చాక్లెట్ పట్టు కొంచెం వదులుతుంది.

రెండోముక్క:
అరగంట బయట పెడితే మా ఇంట్లో కోయడానికి ఏమీ మిగలదు

అర్ధరాత్రి_బేకింగ్:
కోయడం గురించి నేను చెప్తా, ఇది నాకు బాగా కుదిరింది. చాక్లెట్ పూర్తిగా గట్టిపడకముందే, అంటే పైన మెరుపు పోయి మ్యాట్‌గా మారి, వేలు పెడితే ముద్ర పడుతుంది కానీ అంటుకోదు అన్న దశలో, స్కేలు పెట్టి కత్తి మొనతో చాక్లెట్ పొర వరకే గీతలు గీసేయాలి. తర్వాత పూర్తిగా సెట్ అయ్యాక ఆ గీతల మీదే కోస్తే పగలడానికి దానికి వేరే దారి ఉండదు, గీత వెంటే తెగుతుంది. కత్తి పొడుగ్గా, సన్నగా ఉండాలి. పొడవాటి గ్లాసులో వేడినీళ్లు పోసి కత్తి అందులో ముంచి, పొడి గుడ్డతో పూర్తిగా తుడిచి, చాక్లెట్ మీద రెండు సెకన్లు ఊరికే ఆనించి ఉంచండి, అది కరిగి దారి ఇస్తుంది, అప్పుడు తిన్నగా కిందికి నొక్కండి. ప్రతి కోతకీ తుడవాలి. తుడవకపోతే మొదటి ముక్క కేరమెల్ రెండో ముక్క మీద పూత పూస్తుంది.

ఓవెన్_కాపలా:
కింద షార్ట్‌బ్రెడ్‌కి రంపం పళ్ల కత్తే బెటర్, తిన్నగా నొక్కితే అది పొడి అయిపోతుంది.

అర్ధరాత్రి_బేకింగ్:
రంపం కత్తి కేరమెల్‌ని పట్టుకుని లాగుతుంది. బిస్కెట్ సరిగ్గా నొక్కి చేసుంటే పళ్లు లేని కత్తికే తెగుతుంది.

గరిటెమహారాణి:
మూడో దారి చెప్తా. మొత్తం పలకని బటర్ పేపర్‌తో సహా పైకెత్తి, కోసే చెక్క మీద బోర్లించి, బిస్కెట్ వైపు నుంచి కోయండి. చాక్లెట్ అడుగున చెక్కకి ఆనుకుని ఉంటుంది కాబట్టి వంగదు, పగలదు. బిస్కెట్ తెగేదాకా రంపం కత్తి, అక్కణ్నుంచి పళ్లు లేని కత్తి. ఇద్దరి మాటా నిలబడింది కదా, ఇంక పోట్లాడకండి. దీనికోసమే ట్రేలో కాగితం వేసేటప్పుడు రెండు వైపులా చేతికి అందేలా అంచులు వదలాలి.

తీపిరాక్షసి:
మహారాణి గారు తీర్పు చెప్పేశారు, కోర్టు వాయిదా

కొత్తచెయ్యి:
నాకో డౌట్. ఓవెన్ లేదు. మైదా, వెన్న, పంచదార కలిపి నొక్కేసి ఫ్రిజ్‌లో పెడితే బేస్ అవుతుందా?

ఓవెన్_కాపలా:
వద్దు. పచ్చి మైదా తినకూడదు, గింజ పొలంలో ఉన్నప్పుడు అంటిన బ్యాక్టీరియా పిండిలో అలాగే ఉండొచ్చు, ఈ.కోలై లాంటివి, కాలితేనే చస్తాయి. బిస్కెట్లు పొడి చేసి కరిగించిన వెన్న కలిపి నొక్కేయండి. 200 గ్రాముల పొడికి 90-100 గ్రాముల వెన్న. పిడికిట్లో నొక్కితే ముద్ద నిలవాలి.

కోకోపిచ్చోడు:
ఓవెన్ లేనివాళ్లకి అసలైన బార్ ఒకటుంది, నెనైమో బార్. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో నెనైమో అనే ఊరి పేరు మీద వచ్చింది. కింద బిస్కెట్ పొడి, కొబ్బరి తురుము, కోకో, గింజలు, వెన్న. మధ్యలో వెన్న, ఐసింగ్ షుగర్, కస్టర్డ్ పౌడర్ గిలకొట్టిన పసుపు పొర. పైన చాక్లెట్. 1986లో ఆ ఊరి మేయర్ గ్రేమ్ రాబర్ట్స్ అసలైన రెసిపీ ఏదో తేల్చడానికి పోటీ పెడితే జోయిస్ హార్డ్‌కాజిల్ అనే ఆవిడ రెసిపీ గెలిచింది, ఊరి తరఫున ఇప్పటికీ ఇచ్చేది అదే. ఓవెన్ అక్కర్లేదు, కింది పొరలో గుడ్డుని మాత్రం డబుల్ బాయిలర్ మీద, అంటే మరిగే నీళ్ల గిన్నె మీద పెట్టిన ఇంకో గిన్నెలో, చిక్కబడేదాకా ఉడికిస్తారు.

అర్ధరాత్రి_బేకింగ్:
ఆ గెలిచిన రెసిపీలో పై చాక్లెట్ ఎలా చేస్తారో కూడా చెప్పన్నా మరి. నాలుగు ఔన్సుల చాక్లెట్‌లో రెండు టేబుల్ స్పూన్ల వెన్న కలిపి పోస్తారు. అంటే 113 గ్రాములకి 28 గ్రాములు. నేను 9 గ్రాముల నూనె అంటే అంత బాధపడ్డారు.

కోకోపిచ్చోడు:
ఒప్పుకుంటున్నా, ఈ పాయింట్ నీదే. మెత్తటి నడిమి పొర ఉన్నచోట పైది మెత్తబడాల్సిందే. కాకపోతే నా ఓటు నూనెకి కాదు, సగం డార్క్ సగం మిల్క్ చాక్లెట్‌కి. మిల్క్ చాక్లెట్‌లో ఉండే పాలకొవ్వు కోకో బటర్‌ని మెత్తబరుస్తుంది, ఏమీ కలపకుండానే పని అవుతుంది, తీపి కూడా సర్దుకుంటుంది.

రెండోముక్క:
2019లో కెనడా పోస్ట్ వాళ్లు నెనైమో బార్‌తో స్టాంప్ తెస్తే, బొమ్మలో పొరల మందం తప్పుగా ఉందని అక్కడి జనం గొడవ చేశారు. మనం ఇక్కడ మిల్లీమీటర్ల మీద కొట్టుకోవడం చాలా గౌరవప్రదమైన పని అన్నమాట.

గుడ్డు_వద్దు:
నెనైమోలో గుడ్డు బదులు ఏం వేయొచ్చు?

గరిటెమహారాణి:
గుడ్డు అక్కడ పొడిని పట్టి ఉంచడానికే. రెండు మూడు టేబుల్ స్పూన్ల కండెన్స్‌డ్ మిల్క్ వేసి గట్టిగా నొక్కు, నిలుస్తుంది. కస్టర్డ్ పౌడర్ సంగతికి భయపడకు, మామూలు కస్టర్డ్ పౌడర్‌లో గుడ్డు ఉండదు. ఆల్‌ఫ్రెడ్ బర్డ్ 1837లో అది తయారుచేసిందే భార్యకి గుడ్డు పడదని, కార్న్‌ఫ్లోర్‌తో చేశాడు.

కొత్తచెయ్యి:
చాక్లెట్ కరిగిస్తుంటే ఒక్కసారిగా గట్టి ముద్దయిపోయింది నాకు మొన్న. మాడిందా అది?

థర్మామీటర్_తాత:
మాడితే వాసన వస్తుంది. ముద్ద కట్టిందంటే నీటి చుక్క పడింది. కరిగిన చాక్లెట్‌లో పంచదార, కోకో రేణువులు కొవ్వులో తేలుతుంటాయి, ఒక్క చుక్క తేమ తగిలినా పంచదార తడిసి అన్నీ అతుక్కుపోతాయి. దాన్ని మళ్లీ పైపొరగా వాడలేరు, వేడి క్రీమ్ ఎక్కువగా పోసి కలిపి సాస్ చేసుకోండి, పారేయక్కర్లేదు. గిన్నె, గరిటె తడి అన్నది లేకుండా పొడిగా ఉండాలి. డబుల్ బాయిలర్ అయితే పైగిన్నె అడుగు నీళ్లకి తగలకూడదు, ఆవిరి లోపలికి రాకూడదు. మైక్రోవేవ్ అయితే సగం పవర్‌లో 20-30 సెకన్లకోసారి తీసి కలపండి, ఇంకా ముక్కలు కనపడుతుండగానే ఆపేయండి, మిగతావి ఆ వేడికే కరుగుతాయి.

తీపిరాక్షసి:
చాక్లెట్ + క్రీమ్ గనాష్‌నే పైపొరగా పోస్తే? పగిలే గొడవే ఉండదు కదా

ఓవెన్_కాపలా:
పోయొచ్చు, 200 గ్రాముల డార్క్‌కి 100 మి.లీ. క్రీమ్. కత్తికి బ్రహ్మాండంగా తెగుతుంది. కానీ క్రీమ్ ఉంది కాబట్టి ఫ్రిజ్‌లోనే ఉంచాలి, ముక్క మీద ముక్క పేర్చలేరు. ఇంట్లో తినడానికి ఓకే, డబ్బాలో పెట్టి ఇవ్వడానికి కాదు.

వెన్నెల_వంటిల్లు:
మళ్లీ చేశాను! చాక్లెట్ 160 గ్రాములు, సగం డార్క్ సగం మిల్క్, నూనె అర టీస్పూన్ మాత్రమే, ఇద్దరి మాటా విన్నట్టు. కేరమెల్ నీళ్ల పరీక్షతో దించాను, గరిటె గీత నిలిచినప్పుడు చూస్తే భలే అనిపించింది, అంతకుముందు ఎంత పల్చగా దించేస్తున్నానో అప్పుడు తెలిసింది. బిస్కెట్ వెచ్చగా ఉండగానే పోశా, చాక్లెట్ కూడా కేరమెల్ కాస్త వెచ్చగా ఉండగానే. గీతలు గీసి, ఆనక వేడి కత్తితో కోశా. ఒక్క ముక్క కూడా పగల్లేదు. పక్క నుంచి చూస్తే మూడు రంగులు గీత గీసినట్టు వేరువేరుగా కనపడుతున్నాయి, కేరమెల్ కోసిన చోటే నిలబడి మెరుస్తోంది, కారట్లేదు. ఒక్కటే మిగిలింది, బిస్కెట్ అంచులు కోస్తుంటే రాలిపోతున్నాయి, మూల ముక్కలైతే మరీ.

అర్ధరాత్రి_బేకింగ్:
సూపర్ అక్కా!! అర టీస్పూన్ అయినా నూనె నూనేగా, గెలిచా

కోకోపిచ్చోడు:
మిల్క్ చాక్లెట్ గెలిచింది

గరిటెమహారాణి:
చాలా సంతోషం వెన్నెలా. రాలడం చిన్న విషయమే. పిండి ట్రేలో పరిచాక అడుగు చదునుగా ఉన్న గ్లాసుతో నొక్కు, మూలల్లో ముఖ్యంగా, అక్కడ చెయ్యి దూరక వదులుగా ఉండిపోతుంది. పిండి కలిపేటప్పుడు వెన్న పొడి పొడిగా ఉండగానే ఆపేస్తే రాలుతుంది, పిడికిట్లో ముద్దయ్యేదాకా రుద్దాలి. 160-170 డిగ్రీల దగ్గర పాతిక నిమిషాలు, మొత్తం లేత బంగారు రంగు రావాలి, అంచులే కాదు మధ్యలో కూడా. మధ్య తెల్లగా ఉండగా తీస్తే పచ్చిగా ఉండి, కేరమెల్ తడి పీల్చి మెత్తబడుతుంది.

థర్మామీటర్_తాత:
గాజు ట్రే అయితే ఓవెన్ ఓ 15 డిగ్రీలు తగ్గించండి. గాజు ఆలస్యంగా వేడెక్కుతుంది, ఎక్కాక వేడి వదలదు, బయటికి తీశాక కూడా అడుగున కాలుతూనే ఉంటుంది.

వెన్నెల_వంటిల్లు:
నాది అల్యూమినియం ట్రేనే. ఇవి శనివారం ఒకళ్లకి ఇవ్వాలి, ఇంకా నాలుగు రోజులుంది. ఫ్రిజ్‌లో పెడితే చాక్లెట్ మీద తెల్లటి మచ్చలు వస్తాయంటారు, నిజమేనా?

కోకోపిచ్చోడు:
రెండు రకాల తెలుపు ఉంటుంది. వేలితో రుద్దితే జిడ్డుగా పోయేది కోకో బటర్ పైకి తేలింది, అది టెంపర్ తప్పినందుకో వేడికి కరిగి మళ్లీ గట్టిపడినందుకో వస్తుంది. గరుగ్గా తగిలేది పంచదార, ఫ్రిజ్‌లోంచి తీశాక చెమ్మ పడి ఆరితే వస్తుంది. రెండూ తినడానికి భయం లేదు, చూడ్డానికే బాగోవు. రెండోది రాకూడదంటే గాలి చొరని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తీయొద్దు. మొత్తం గది వేడికి వచ్చాకే తెరవండి, అప్పుడు చెమ్మ డబ్బా మీద పడుతుంది, బార్ల మీద కాదు.

ఓవెన్_కాపలా:
నాలుగు రోజులకి చల్లటి గదిలో డబ్బాలో పెట్టినా సరిపోతుంది, కేరమెల్‌లో పంచదార ఎక్కువ, నీరు తక్కువ. ఇంకా ముందే చేసి పెట్టుకోవాలంటే ఫ్రీజర్‌లో ఒకట్రెండు నెలలు బాగానే ఉంటాయి, ముక్కలుగా కోసి, ఒక్కోటి చుట్టి పెట్టండి, పలకగా పెడితే తర్వాత కోయలేరు.

గరిటెమహారాణి:
డబ్బాలో వరుసకీ వరుసకీ మధ్య బటర్ పేపర్ వేయడం మర్చిపోకు, లేకపోతే కింది ముక్కల చాక్లెట్ పై ముక్కల బిస్కెట్‌కి అంటుకుని పొడి పొడిగా మరకలు పడతాయి. మూల ముక్కలు మాత్రం ఇవ్వకు, అవి ఇంట్లో వాళ్లకి.

రెండోముక్క:
మూల ముక్కలకి నేను ముందే లైన్‌లో నిలబడ్డా